ఆయుధ శాస్త్రవేత్తకు మరో పని: ఆ పథకాలు ఏం చేయగలిగాయి, ఏం చేయలేకపోయాయి

మీరు అడిగినదానిలో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. సోవియట్ యూనియన్ కూలిపోయిన తరువాత అక్కడి అణ్వస్త్ర, రసాయన, జీవాయుధ, క్షిపణి నిపుణులు పొట్టకూటి కోసం తమ విద్యను ఏ దేశానికో అమ్ముకోకుండా, వారికి పౌర పరిశోధనలో పని కల్పించిన అంతర్జాతీయ పథకాలు నిజంగా ఫలించాయా అన్నది మొదటిది. ఫలించి ఉంటే అదే పద్ధతిని రేపు మరో దేశంలో వాడవచ్చునా అన్నది రెండవది. ఆయుధ నియంత్రణను ఇరవై ఏళ్లకు పైగా విద్యార్థులకు బోధించినవాడిగా, అంతకుముందు కొంతకాలం ప్రయోగశాలలో గ్రాంటు డబ్బుల మీద ఆధారపడి పనిచేసినవాడిగా నాకు తోచిన జవాబు రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. ఆయుధ నిపుణుణ్ణి పౌర పరిశ్రమలోకి మార్చివేస్తామని ఈ పథకాలు బహిరంగంగా చెప్పుకున్నాయి గాని, ఆ పని చాలా కొద్దిగానే జరిగింది. వాటి నిర్వాహకులు అంతగా చాటుకోని మరో పని, అంటే దశాబ్దాలుగా గేటు దాటి ఎవరినీ రానివ్వని సంస్థల లోపలికి దారి ఏర్పరచి, అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో తెలుసుకోగలగడం, వాటివల్ల బాగా జరిగింది.

1991 చివరినాటి పరిస్థితి గుర్తు చేసుకోకపోతే ఈ పథకాల రూపురేఖలు అర్థం కావు. రష్యాలో అణ్వస్త్రాల తయారీకి అంకితమైన నగరాలు పది ఉండేవి. వాటికి పటాలలో చోటు లేదు, అసలు పేర్లు కూడా వాడుకలో లేవు. సారోవ్‌ను అర్జమాస్-16 అనీ, స్నెజిన్స్క్‌ను చెల్యాబిన్స్క్-70 అనీ దూరంగా ఉన్న మరో నగరం పేరుకు ఒక అంకె తగిలించి పిలిచేవారు. ఆ పది నగరాల జనాభా ఏడు లక్షలకు పైమాటే. బయటి ఊళ్లలో సరుకుల కోసం వరుసలో నిలబడవలసి వచ్చిన రోజులలో కూడా ఈ నగరాల దుకాణాలలో మాంసానికి, వెన్నకు లోటు ఉండేది కాదు. ముళ్లకంచె వెనుక బతకడానికి ప్రభుత్వం చెల్లించిన పరిహారం అది. ప్రభుత్వమే లేకుండా పోయేసరికి కంచె మాత్రం మిగిలింది, పరిహారం ఆగిపోయింది. 1992 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ చెల్యాబిన్స్క్-70కి వెళ్లినప్పుడు, అక్కడి అగ్రశ్రేణి శాస్త్రవేత్తల నెల జీతం డాలర్ల లెక్కన పదిహేనుకు మించదని ఆయనకు చెప్పారు. ఆ తరువాత కొద్ది రోజులకే, జర్మనీ విదేశాంగ మంత్రి హాన్స్-డీట్రిచ్ గెన్షర్ చొరవతో, అమెరికా, జర్మనీ, రష్యా కలిసి ఒక అంతర్జాతీయ కేంద్రాన్ని నెలకొల్పాలన్న ప్రతిపాదనను ప్రకటించాయి. ఆ ఏడాదే ఉత్తర కొరియాకు బయలుదేరిన కొందరు రష్యన్ క్షిపణి నిపుణులను, కుటుంబాలతో సహా, మాస్కో విమానాశ్రయంలోనే ఆపివేశారన్న వార్త బయటకు రావడంతో ఇది కేవలం ఊహాజనిత భయం కాదని అందరికీ తెలిసివచ్చింది.

డబ్బు విషయంలో దారి అప్పటికే ఒకటి ఏర్పడి ఉంది. సెనేటర్లు శామ్ నన్, రిచర్డ్ లూగర్ ప్రవేశపెట్టిన చట్టం 1991 చివరలో ఆమోదం పొంది, అమెరికా రక్షణ బడ్జెట్ నుంచే 40 కోట్ల డాలర్ల వరకు సోవియట్ ఆయుధాల భద్రతకు, విధ్వంసానికి ఖర్చు చేసే వెసులుబాటు కల్పించింది. ఆ చట్టం పేరు చెప్పగానే క్షిపణి గోతుల పేల్చివేతలు, జలాంతర్గాముల కోతలు గుర్తుకు వస్తాయి. మనుషుల సంగతి దానిలో ఒక చిన్న పాయ మాత్రమే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. అమెరికా ధనికుడు జార్జ్ సోరోస్ 1992 డిసెంబరులో 10 కోట్ల డాలర్లు ప్రకటించి నెలకొల్పిన ఫౌండేషన్ మాజీ సోవియట్ శాస్త్రవేత్తలకు తలకు 500 డాలర్ల చొప్పున అత్యవసర సహాయం ఇవ్వడం మొదలుపెట్టింది. ఇరవై వేలమందికి పైగా అందుకున్నారు. అయితే ఆ సహాయానికి అర్హత, గత ఐదేళ్లలో పేరున్న పత్రికలలో కనీసం మూడు పరిశోధన పత్రాలు అచ్చయి ఉండటం. జీవితమంతా బాంబు మీద పనిచేసినవాడు పత్రం ఎక్కడ అచ్చు వేసుకుంటాడు? అతని ప్రతిభ ఎంత గొప్పదైనా బయటి ప్రపంచానికి అతను లేనట్లే లెక్క. అందుచేత ఎవరివల్ల ప్రమాదం ఎక్కువో వారే మామూలు విజ్ఞాన సహాయానికి అందకుండా పోయారు. ప్రత్యేకంగా ఆయుధ నిపుణుల కోసమే ఒక సంస్థ కావలసి రావడానికి ప్రధాన కారణం ఇదేనని నా నమ్మకం.

ఆ సంస్థ పేరు అంతర్జాతీయ శాస్త్ర సాంకేతిక కేంద్రం. పొట్టిగా ఐఎస్‌టీసీ అంటారు. అమెరికా, యూరోపియన్ సముదాయం, జపాన్, రష్యా 1992 నవంబరు 27న ఒప్పందం మీద సంతకాలు చేశాయి. కాని రష్యా పార్లమెంటు దాన్ని ఆమోదించలేదు, 1993లో ఆ పార్లమెంటే రద్దయింది. చివరకు ఆ ఏడాది డిసెంబరులో కుదుర్చుకున్న తాత్కాలిక ఒడంబడికతో పని నెట్టుకొచ్చి, 1994 మార్చిలో మాస్కోలో కేంద్రాన్ని తెరిచారు. ఆ తాత్కాలిక ఒడంబడికే తరువాత ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. ఉక్రెయిన్ కోసం అమెరికా, కెనడా, స్వీడన్‌లతో కలిసి 1993లో చేసుకున్న వేరే ఒప్పందం ప్రకారం ఇలాంటిదే మరో కేంద్రం కీవ్‌లో ఏర్పడింది.

ఈ కేంద్రం పనిచేసిన తీరును కొంచెం వివరంగా చెబుతాను. ఎందుకంటే దాని అసలు తెలివి అంతా అక్కడే ఉంది. శాస్త్రవేత్తలు ప్రాజెక్టు ప్రతిపాదన రాసుకుంటారు. దానిలో పనిచేసేవారిలో ఎక్కువమంది ఆయుధ కార్యక్రమాలలో పనిచేసినవారై ఉండాలి, ఎవరు ఏ ఆయుధం మీద ఏ రకమైన పని చేశారో ఒక సంకేతసంఖ్య రూపంలోనైనా తెలియజేయాలి. ప్రతి ప్రతిపాదనకూ ముందుగా ఆతిథేయ ప్రభుత్వం అంగీకారం కావాలి. తరువాత డబ్బు ఇచ్చే దేశాలు దాన్ని చదివి, శాస్త్రపరంగా పనికివస్తుందా, ఆయుధాలకు ఉపయోగపడే ప్రమాదం ఉందా అని రెండు వైపులనుంచీ పరిశీలిస్తాయి. ఆమోదం వచ్చాక జీతం సంస్థ చేతికి వెళ్లదు. ప్రతి శాస్త్రవేత్త తాను ఏ రోజు ఎంతసేపు ఆ పని చేశాడో లెక్క రాసి ఇస్తే, కేంద్రం నేరుగా అతని బ్యాంకు ఖాతాలో, పన్ను కోత లేకుండా, డాలర్లలో వేస్తుంది. రోజుకు ఇరవై, ముప్పై డాలర్ల స్థాయి మొత్తం మనకు చిన్నదిగా కనిపించవచ్చు గాని, నెలల తరబడి జీతమే అందని ఇంటికి అది చిన్న మొత్తం కాదు. పరికరాలను కూడా కేంద్రమే కొని, సుంకం లేకుండా తెప్పించి ఇచ్చేది. వీటన్నిటికీ బదులుగా కేంద్రం అడిగింది ఒకటే: మా మనుషులు పని జరిగే చోటికి వచ్చి కళ్లారా చూడాలి, లెక్కలు తనిఖీ చేయాలి.

నేరుగా ఖాతాలో వేయడం అన్న ఈ చిన్న ఏర్పాటు విలువ గ్రాంటు డబ్బుతో పనిచేసినవారికే తెలుస్తుంది. నేను ప్రయోగశాలలో పనిచేసిన రోజులలో మా ప్రాజెక్టుకు మంజూరైన సొమ్ము సంస్థ ఖాతాలో పడి ఐదు నెలలు కదలలేదు. ఆ సొమ్ముతో సంస్థవారు ముందు కరెంటు బకాయి కట్టుకున్నారని తరువాత తెలిసింది. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు, ఇబ్బందిలో ఉన్న ఏ సంస్థయినా అదే చేస్తుంది. 1990ల రష్యా సంస్థలన్నీ ఇబ్బందిలోనే ఉన్నాయి. డబ్బు డైరెక్టరు చేతికి వెళ్లి ఉంటే అది భవనాల కప్పులకు, వేడినీటి గొట్టాలకు ఖర్చయ్యేది. ఉత్తర కొరియా వైపు చూస్తున్న మనిషి ఇంటికి మాత్రం చేరేది కాదు.

పోల్చి చూడటానికి మరో పథకాన్ని తీసుకోవచ్చు. అమెరికా ఇంధన శాఖ 1994లో ఐపీపీ అనే తన సొంత కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అమెరికా జాతీయ ప్రయోగశాలల ద్వారా రష్యన్ సంస్థలతో కలిసి పనిచేసి, వారి సాంకేతికతను వ్యాపారంగా మార్చాలన్నది దాని ఆశయం. అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే సంస్థ 1999లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1998 జూన్ నాటికి ఖర్చయిన 6.35 కోట్ల డాలర్లలో 37 శాతం మాత్రమే మాజీ సోవియట్ సంస్థలకు చేరింది. సగానికి పైగా సొమ్ము అమెరికా ప్రయోగశాలలలోనే ఆగిపోయింది. పేరు రష్యా శాస్త్రవేత్తది, భోజనం మాత్రం అమెరికా అణ్వస్త్ర ప్రయోగశాల లాస్ అలమోస్‌లో జరిగిందన్నమాట. అదే తనిఖీ సంస్థ 2007లో మళ్లీ చూసినప్పుడు ఇంకా చిక్కైన సంగతి బయటపడింది. పరిశీలించిన 97 ప్రాజెక్టులలో జీతం పొందిన సుమారు 6,450 మందిలో సగానికి పైగా అసలు తమకు సామూహిక విధ్వంస ఆయుధాల అనుభవం ఉందని చెప్పుకోనే లేదు. వారిలో 1970లో, ఆ తరువాత పుట్టినవారు కూడా వందల సంఖ్యలో ఉన్నారు, అంటే సోవియట్ యూనియన్ కూలిపోయేనాటికి వారు విద్యార్థులు. దీన్ని మోసం అని కొట్టిపారేయడం సులభం. నేను అలా అనను. రష్యన్ ప్రయోగశాల డైరెక్టరు దృష్టిలో తన సంస్థ మొత్తం నిలబడాలి. యువకులు లేకపోతే ముసలివారి విద్య వారితోనే పోతుంది. ఆయనకు కావలసింది సంస్థ బతకడం, డబ్బు ఇచ్చినవారికి కావలసింది ప్రమాదం తగ్గడం. 1993లో ఈ రెండూ దాదాపు ఒకటే. 2007 నాటికి, చమురు ధరలు పెరిగి రష్యా ప్రభుత్వమే తన శాస్త్రవేత్తలకు సరిగా జీతాలు ఇస్తున్న కాలానికి, రెండూ పూర్తిగా విడిపోయాయి. పథకం మాత్రం తన పాత వాదనతోనే నడుస్తూ పోయింది. ప్రభుత్వ పథకాలకు ఈ జబ్బు ఏ దేశంలోనైనా ఉంటుంది.

వ్యాపారంగా మార్చడం అన్న ఆశ అన్నిటికంటె ఘోరంగా దెబ్బతిన్నది రహస్య నగరాలలోనే. 1998 సెప్టెంబరులో అమెరికా, రష్యా అణు నగరాల కార్యక్రమాన్ని మొదలుపెట్టి సారోవ్, స్నెజిన్స్క్, జెలెజ్నోగోర్స్క్‌లను ఎంచుకున్నాయి. ముళ్లకంచె లోపల, బయటివాడు అడుగుపెట్టాలంటే వారాల ముందు అనుమతి అడగవలసిన ఊరిలో, ఏ పెట్టుబడిదారు కర్మాగారం పెడతాడు? సారోవ్‌లో ఆయుధాలు కూర్చే అవంగార్ద్ కర్మాగారంలో కొన్ని భవనాలను పౌర అవసరాలకు ఇవ్వడానికి చివరకు కంచెనే వెనక్కి జరిపి, ఆ భవనాలను బయట పడేలా చేశారు. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన దృశ్యం అది. కాని ఒక కంచెను కొంచెం జరపడానికి అంత ప్రయాస పడవలసి వచ్చిన చోట, వేలమందికి ఉద్యోగాలు పుట్టుకొస్తాయని కాగితాల మీద రాసుకున్నవారి ధైర్యానికి ఆశ్చర్యం కలుగుతుంది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత ఎవరిదన్న న్యాయవివాదం తేలక, 2003 సెప్టెంబరులో ఆ ఒప్పందం గడువు ముగిసిపోయింది.

ఈ అణు నగరాల కార్యక్రమం మొదలయ్యేనాటికే చాలా ఆలస్యమైందన్న సంగతి కూడా చెప్పాలి. 1996 అక్టోబరు 30న స్నెజిన్స్క్ అణ్వస్త్ర సంస్థ డైరెక్టరు వ్లాదిమిర్ నెచాయ్, నెలల తరబడి తన ఉద్యోగులకు జీతాలు ఇవ్వలేకపోయిన స్థితిలో, తన కార్యాలయంలోనే తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. బేకర్ నాలుగున్నరేళ్ల క్రితం వచ్చి వెళ్లిన ఊరే అది. ఈ పథకాలవల్ల ఎవరూ ఆకలితో ఉండలేదని ఎవరైనా అంటే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆ తేదీయే.

ఇక ఫలించిన వాటి సంగతి. ఐఎస్‌టీసీ తన జీవితకాలంలో 2,700కు పైగా ప్రాజెక్టులకు నిధులు ఇచ్చింది. వాటిలో డెబ్భై వేలమందికి పైగా ఏదో ఒక సమయంలో పాల్గొన్నారు. సోవియట్ యూనియన్ కూలిపోయేనాటికి ప్రమాదకరమైన స్థాయి నైపుణ్యం ఉన్న సీనియర్ శాస్త్రవేత్తలు 30,000 నుంచి 75,000 వరకు ఉండవచ్చునని అమెరికా విదేశాంగ శాఖ వేసిన అంచనాతో పోల్చి చూస్తే, ఈ సంఖ్య పెద్దదే. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో కణాలను ఢీకొట్టించే పెద్ద హాడ్రాన్ కొలైడర్ యంత్రం కోసం నిర్మించిన, ఆ కణాలను గుర్తించే సీఎంఎస్ డిటెక్టరులో దాదాపు 76,000 సీసపు టంగ్‌స్టేట్ స్ఫటికాలు ఉన్నాయి. వాటిలో అధికభాగం రష్యాలోని బొగొరోదిత్స్క్ కర్మాగారంలో పెరిగాయి, ఆ స్ఫటికాలను పెద్ద ఎత్తున తయారుచేసే విధానాన్ని సిద్ధం చేయడానికి ఐఎస్‌టీసీ డబ్బు తోడ్పడింది. ఆ డిటెక్టరులోనే మరో భాగానికి కావలసిన ఇత్తడి కోసం రష్యా ఉత్తర నౌకాదళం దాచి ఉంచిన పాత ఫిరంగి గుండ్ల తొడుగులను, పది లక్షలకు పైగా, కరిగించారు. ఇది పథకంలో భాగం కాదు, కాని పక్కనే ఉన్న ఉదాహరణ కనుక చెప్పకుండా ఉండలేకపోయాను. హిగ్స్ కణాన్ని కనిపెట్టిన రెండు డిటెక్టర్లలో ఒకటి ఇలా తయారైంది.

గమనిస్తే ఇది వ్యాపారం కాదు, విజ్ఞానం. ఆయుధ శాస్త్రవేత్తను వ్యాపారవేత్తగా మార్చబోయిన చోట పథకాలు బోల్తాపడ్డాయి. అతన్ని శాస్త్రవేత్తగానే ఉంచి, ఇన్నాళ్లూ దక్కని బహిరంగ గుర్తింపును ఇచ్చిన చోట నిలదొక్కుకున్నాయి. 1992 ఫిబ్రవరిలో లాస్ అలమోస్ డైరెక్టరు సీగ్‌ఫ్రీడ్ హెకర్, మరో అమెరికా అణ్వస్త్ర ప్రయోగశాల లివర్‌మోర్ డైరెక్టరు జాన్ నకోల్స్ సారోవ్, స్నెజిన్స్క్‌లకు వెళ్లినప్పుడు, ఆతిథేయులు వారిని ముందుగా డబ్బు అడగలేదు, కలిసి ప్రయోగాలు చేద్దామని అడిగారు. పేలుడు పదార్థాల శక్తితో అయస్కాంత క్షేత్రాన్ని నొక్కి, అతి తీవ్రమైన క్షేత్రాలను పుట్టించే విద్యలో సారోవ్‌వారిది పైచేయి. ఆ విద్య మీదే 1993లో సారోవ్‌లో లాస్ అలమోస్ మనుషులు వారితో కలిసి తొలి ఉమ్మడి ప్రయోగం చేశారు. అణుపదార్థాల భద్రత, నిల్వల లెక్కింపు వంటి అసలైన పనులు ఆ స్నేహం మీద ఆధారపడే తరువాతి ఏళ్లలో ముందుకు సాగాయి. జీతం పథకం కంటె ఈ గౌరవం ఎక్కువ పనిచేసిందని నేను అనుకుంటాను.

మరి వలస ఆగిందా? జరగని సంఘటనను లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు, అందుచేత పథకాల నివేదికలన్నీ జీతం అందుకున్నవారిని లెక్కపెట్టి అదే విజయం అన్నాయి. దీనికంటె మెరుగైన ఆధారం ఒకటుంది. ఇద్దరు పరిశోధకులు 602 మంది రష్యన్ భౌతిక, రసాయన, జీవ శాస్త్రవేత్తలను ప్రశ్నించి 2005లో ప్రచురించిన సర్వేలో, దాదాపు 20 శాతం మంది ఉత్తర కొరియా, ఇరాన్, సిరియా, ఇరాక్ వంటి దేశాలలో పనిచేయడానికి తమకు అభ్యంతరం లేకపోవచ్చునని చెప్పారు. పాశ్చాత్య గ్రాంటు అందుకున్నవారిలో మాత్రం ఆ మొగ్గు స్పష్టంగా తక్కువగా ఉంది. అంటే డబ్బుకు, సంబంధానికి ప్రభావం ఉంది. అయితే అదంతా మనిషి నోటితో చెప్పిన మాట మాత్రమేనని మరచిపోకూడదు.

పేదరికమే అణు రహస్యాలను అమ్మిస్తుందన్న ఊహకు పాకిస్థాన్ శాస్త్రవేత్త ఎ.క్యూ. ఖాన్ ఒక్కడే చాలినంత జవాబు. అణు రహస్యాలను ఇతర దేశాలకు చేరవేసినట్లు 2004లో టెలివిజన్‌లో ఒప్పుకునేనాటికి ఆయన జీతం అందని మనిషి కాదు, దేశం నెత్తిన పెట్టుకున్న మనిషి.

ఇంకో ఉదాహరణ మరీ ఇబ్బంది పెడుతుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2011 నవంబరులో ఇరాన్ మీద ఇచ్చిన నివేదికలో పేరు చెప్పని ఒక విదేశీ నిపుణుడి ప్రస్తావన ఉంది. తన సొంత దేశపు అణ్వస్త్ర కార్యక్రమంలో జీవితంలో అధికభాగం పనిచేసిన ఆ వ్యక్తి సుమారు 1996 నుంచి 2002 వరకు ఇరాన్‌లో ఉన్నాడనీ, పేలుడు ద్వారా అతిసూక్ష్మ వజ్రాలను తయారుచేసే కేంద్రాన్ని నెలకొల్పడానికి పైకి సహాయపడుతూ, పేలుళ్ల భౌతికశాస్త్రం మీద ఉపన్యాసాలు కూడా ఇచ్చాడనీ ఆ నివేదిక చెప్పింది. పత్రికలు గుర్తించిన వ్యక్తి, తాను అణు శాస్త్రవేత్తను కానని సమాధానం చెప్పాడు. ఎవరి మాట నిజమన్నది నేను ఇక్కడ తేల్చబోవడం లేదు. నా దృష్టి ఆ వజ్రాల మీద ఉంది. పేలుడుతో వజ్రధూళిని తయారుచేయడం, ఆయుధ ప్రయోగశాలలు పౌర ఉత్పత్తిగా మారడానికి ఎంచుకున్న పేరుపొందిన దారులలో ఒకటి. మెరుగుపెట్టే పొడులలో, కందెన నూనెలలో దానికి ఉపయోగం ఉంది. శాంతియుతమైన పనేనని ఏ గ్రాంటు కమిటీ అయినా సంతకం పెట్టేదే. కాని పేలుడు తరంగం అన్ని వైపులనుంచీ ఒకే క్షణంలో లోపలికి చేరేలా అమర్చి, అది ఎప్పుడు ఎక్కడికి చేరిందో క్షణంలో పదిలక్షలవ వంతు వరకు కొలవగల చేతులు, అణు బాంబులోని ప్లుటోనియం గోళాన్ని నొక్కడానికి కావలసిన చేతులే. పని మారినా మనిషికి తెలిసిన విద్య మారదు. ఇలాంటి పథకాలకు వాడే మళ్లింపు అన్న మాటలో ఈ సత్యాన్ని దాచిపెట్టే గుణం ఉంది. కాలువ నీటిని మళ్లిస్తే పాత పాయ ఎండిపోతుంది, విద్య విషయంలో పాత పాయ ఎండదు. అందువల్లనే, మనిషి కొత్త పనిలోకి వెళ్లాడా అన్నదానికంటె, అతను ఎవరెవరితో రాకపోకలలో ఉన్నాడన్నది ముఖ్యం.

జీవాయుధాల రంగంలో ఇది మరింత స్పష్టం. బయోప్రెపరాత్ అనే సోవియట్ సంస్థ ఔషధ పరిశ్రమ ముసుగులో నడిచింది కనుక అక్కడ పౌర పని, ఆయుధ పని మొదటినుంచీ ఒకే భవనంలో ఉన్నాయి. నొవొసిబిర్స్క్ దగ్గర కోల్త్‌సోవోలోని వెక్టర్ సంస్థ మశూచి వంటి వైరస్‌ల మీద, మాస్కోకు దక్షిణంగా ఉన్న ఓబోలెన్స్క్ బాక్టీరియాల మీద పనిచేసేవి. కజక్‌స్థాన్‌లోని స్తెప్నోగోర్స్క్ కర్మాగారాన్ని ఆంత్రాక్స్‌ను పెద్ద ఎత్తున తయారుచేయడానికే కట్టారు. ఇటువంటి సంస్థల శాస్త్రవేత్తలకు ఇరాన్ ప్రతినిధులు ఉద్యోగాలు చూపించి ఆహ్వానించిన సంగతి 1998లో అమెరికా పత్రికలలో వచ్చింది. అణు బాంబుకు యురేనియం కావాలి, దాన్ని లెక్కపెట్టవచ్చు. సూక్ష్మజీవికి ఒక చిన్న గాజుగొట్టం చాలు. అక్కడ పహారాకు అర్థం లేదు, మనిషి మీద నమ్మకం, అతనితో సంబంధం తప్ప వేరే దారి లేదు. ఐఎస్‌టీసీ ద్వారా వెక్టర్‌లో అమెరికా పరిశోధకులు కలిసి పనిచేసిన కాలంలో బయటివారు ఆ కారిడార్లలో నడవగలిగారు. అంతకుముందు ఉపగ్రహ చిత్రాలే ఆధారం.

మన పాఠకులకు దగ్గరగా ఉండే సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళతాను. 1991లో రష్యన్ సంస్థ గ్లావ్‌కాస్మోస్ క్రయోజెనిక్ ఇంజిన్లను, వాటి సాంకేతికతను ఇస్రోకు ఇవ్వడానికి ఒప్పందం చేసుకుంటే, 1992 మేలో అమెరికా రెండు సంస్థల మీదా రెండేళ్ల ఆంక్షలు విధించింది. 1993లో రష్యా వెనక్కి తగ్గి, సాంకేతికత లేకుండా ఇంజిన్లు మాత్రమే ఇస్తామంది. ద్రవ హైడ్రోజన్‌ను నింపడానికి చాలా సమయం పట్టే ఇంజిన్ క్షిపణికి పనికిరాదన్నది అప్పుడూ తెలిసిన విషయమే. నిరుద్యోగులైన రష్యన్ నిపుణులకు శాంతియుత పని దొరకాలని ఒక చేత్తో సంతకం చేస్తున్న ఏడాదిలోనే, వారికి దొరికిన ఒక శాంతియుత పనిని మరో చేత్తో అడ్డుకోవడం జరిగింది. శ్రీహరికోట నుంచి స్వదేశీ క్రయోజెనిక్ దశతో జీఎస్ఎల్వీ విజయవంతంగా ఎగరడానికి 2014 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. ఏది శాంతియుతం అన్న గీతను ఎవరు గీస్తారన్న ప్రశ్నను ఈ పథకాలు ఏనాడూ నిజాయితీగా ఎదుర్కోలేదు.

మీ రెండవ ప్రశ్నకు వస్తాను. ఈ పద్ధతిని ఇతర దేశాలకు తీసుకువెళ్లే ప్రయత్నం జరిగింది. 2003 డిసెంబరులో లిబియా తన ఆయుధ కార్యక్రమాలను వదులుకున్న తరువాత, అక్కడి నిపుణులను సముద్రజలం నుంచి మంచినీరు తీయడం వంటి పనులలోకి తీసుకురావడానికి సహాయం అందింది. ట్రిపోలీ దగ్గరి తజూరా అణు కేంద్రం పునరుత్పాదక ఇంధనం, నీటి శుద్ధి పరిశోధనలకు మళ్లింది. ఇరాక్ ఆక్రమణ తరువాత అమెరికా బాగ్దాద్‌లో ఇలాంటి కేంద్రాన్నే తెరిచింది. శాస్త్రవేత్తలు, ఆచార్యులు వీధిలో హత్యకు గురవుతున్న నగరంలో, పరిశోధన ప్రతిపాదన ఎలా రాయాలో నేర్పే తరగతికి ఎవరు వస్తారు? పైగా మాస్కోలో జరిగిన దానికీ దీనికీ ఒక మౌలికమైన తేడా ఉంది. రష్యా ఒప్పందంలో ఒక పక్షం; ప్రతి ప్రాజెక్టుకూ దాని సంతకం ఉండేది, పాలకమండలిలో కుర్చీ ఉండేది. ఓడిపోయిన దేశంలో గెలిచినవాడు నడిపే పథకం నిపుణుడి కంటికి విచారణకు మరో పేరుగా కనిపిస్తుంది.

ఆ రష్యాయే చివరకు లేచి వెళ్లిపోయింది. 2010 ఆగస్టులో అధ్యక్షుడు మెద్వెదేవ్ ఐఎస్‌టీసీ నుంచి వైదొలగాలని ఆదేశించాడు. సహాయం అందుకునే దేశంగా కనిపించడం ఇక వారికి ఇష్టం లేదు. పాశ్చాత్యులు తమ ప్రయోగశాలలలో తిరగడం భద్రతా సంస్థలకు మొదటినుంచీ ఇష్టం లేదు. 2015లో మాస్కో కార్యాలయం మూతపడి, కేంద్రం కజక్‌స్థాన్‌లోని అస్తానాకు తరలింది. అదే ఏడాది డిసెంబరులో సంతకమైన కొత్త ఒప్పందం 2017 డిసెంబరులో అమలులోకి వచ్చింది. ఇప్పుడు అది మధ్య ఆసియా, కాకసస్ దేశాలతో, వాటి అవతలి దేశాలతో రసాయన, జీవ, అణు పదార్థాల భద్రత మీద పనిచేస్తోంది. ఆయుధ నిపుణుడికి జీతం అన్న పాత అర్థం దాదాపు తొలగిపోయింది.

కనుక ఈ నమూనాను మరోచోట వాడాలంటే, ఉదాహరణకు ఉత్తర కొరియాతో ఎప్పుడైనా ఒప్పందం కుదిరితే, నేను చూసే షరతులు ఇవి. ఆ దేశ ప్రభుత్వం మనస్ఫూర్తిగా పక్షం కావాలి, లొంగిపోయిన పక్షం కాకూడదు. పని నిజమైన విజ్ఞానం కావాలి, కాలక్షేపం కాకూడదు. తన పని ఎవరికీ అక్కరలేదని మొదట గ్రహించేది ఆ శాస్త్రవేత్తే. డబ్బు మనిషికి చేరాలి. పథకం ముగిసే తేదీ కాకపోయినా ముగిసే లక్షణం ముందే రాసుకోవాలి, లేకపోతే 1970 తరువాత పుట్టినవారిని సోవియట్ బాంబు నిపుణులుగా లెక్కవేసే స్థితి మళ్లీ వస్తుంది. అన్నిటికంటె కష్టమైనది, డబ్బు ఆగిన తరువాత కూడా ఆ మనుషులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే స్వేచ్ఛ మిగలాలి.

ఆ చివరి షరతు ఎంత బలహీనమైనదో ఉక్రెయిన్‌లో కనిపించింది. ఖార్కివ్ భౌతిక సాంకేతిక సంస్థ సోవియట్ అణు కార్యక్రమపు తొలి ప్రయోగశాలలలో ఒకటి. ఉక్రెయిన్ తన వద్ద ఉన్న, బాంబుకు పనికివచ్చే అధిక శుద్ధి యురేనియంను వదులుకోవడానికి ఒప్పుకోగా, అది 2012 మార్చి నాటికి దేశం నుంచి పూర్తిగా తరలిపోయింది. బదులుగా అమెరికా అర్గోన్ ప్రయోగశాల సహకారంతో ఆ సంస్థలో వైద్య ఐసోటోపులకు, శిక్షణకు ఉపయోగపడే న్యూట్రాన్ కేంద్రాన్ని నిర్మించారు. 2022లో రష్యా దాడులలో ఆ కేంద్రం పలుమార్లు దెబ్బతిన్నది. అదే ఏడాది, జీవాయుధ ప్రమాదాన్ని తగ్గించడానికి ఇదే సహకార సంప్రదాయంలో బాగుచేసిన ఉక్రెయిన్ ప్రజారోగ్య ప్రయోగశాలలను, అమెరికా రహస్య ఆయుధ కేంద్రాలంటూ రష్యా భద్రతా మండలిలో ఆరోపించింది. అటువంటి కార్యక్రమం ఏదీ ఉన్నట్లు తనకు తెలియదని ఐక్యరాజ్యసమితి నిరాయుధీకరణ అధికారి అదే సభలో సమాధానం చెప్పారు. ఇరవై ఏళ్లకు ముందు వెక్టర్ కారిడార్లలో అమెరికన్ పరిశోధకులకు ఆతిథ్యం ఇచ్చినది కూడా ఆ రష్యాయే.